ఆక్సిజన్ సీసాలో నీళ్లెందుకు?

పోయిన దసరా సెలవులకు ముందు మేము హాస్టల్‌కు వెళ్లినప్పుడు ఇంటర్ చదివే ఒక తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. వాళ్ల నాయనమ్మను ఆయాసంతో పెద్దాసుపత్రిలో చేర్చారట. మంచం తలవైపు గోడకు ఒక చిన్న సీసా తగిలించి ఉందట. అందులో నీళ్లు రాత్రింబగళ్లు బుడబుడమని బుడగలు వస్తూనే ఉన్నాయట. "అన్నా, ఆ నీళ్లలో ఏం మందు కలుపుతారు?" అన్నాడు. ఏ మందూ కలపరు, అవి ఉత్త నీళ్లే అని చెబితే నమ్మలేదు. "ఉత్త నీళ్లయితే ఆక్సిజన్‌ను అందులోంచి పంపడం దేనికి?" అని ఎదురడిగాడు. బస్సు వేళయింది, సరిగ్గా జవాబు చెప్పకుండానే వచ్చేశాం. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు పెట్టినప్పుడు ఆ బాకీ తీర్చుకుందామనిపించింది. మేము చదువుతున్న ఎమ్మెస్సీ రెస్పిరేటరీ థెరపీలో చాలా పాఠాలు తిరిగి తిరిగి ఆ సీసా దగ్గరకే వస్తాయి.

ముక్కు చేసే పని

జీవశాస్త్రంలో శ్వాసవ్యవస్థ పాఠం చదివేటప్పుడు మనం ముక్కును ఒక్క వాక్యంలో దాటేస్తాం. 'నాసికా కుహరంలో గాలి శుభ్రపడి, వెచ్చబడి, తేమను పొందుతుంది' అని రాస్తే మార్కులు పడతాయి. ఆ చివరి రెండు మాటల విలువ వార్డులో కాలు పెట్టేదాకా మాకూ తెలియలేదు.

కొంచెం లెక్క చూద్దాం. మనం పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లోని వాయుగోణులకు చేరేసరికి దాని ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఒక్కొక్క లీటరు గాలిలో 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టుకోగలిగిన గరిష్ఠ ఆవిరి అంతే. అంటే భౌతికశాస్త్రం భాషలో సాపేక్ష ఆర్ద్రత నూటికి నూరు. కానీ 25 డిగ్రీలున్న గదిలో గాలి పూర్తిగా తేమతో నిండినా లీటరుకు 23 మిల్లీగ్రాములకు మించి పట్టదు. ఆ గదిలో ఆర్ద్రత 50 శాతం అనుకుంటే లీటరుకు ఉండేది పన్నెండు మిల్లీగ్రాముల లోపే. మిగతా ముప్పై చిల్లర మిల్లీగ్రాములు ఎక్కడినుంచి వస్తాయి? ముక్కు, గొంతు, వాయునాళం గోడల్లోని తడి నుంచే వస్తాయి. ఆ గోడల కింద దట్టంగా అల్లుకున్న రక్తనాళాలు వేడినీ, నీటినీ ఎప్పటికప్పుడు అందిస్తూ ఉంటాయి. గాలి వదిలేటప్పుడు ముక్కు పొదుపు కూడా చేస్తుంది. బయటికి పోయే ఆవిరిలో కొంత భాగాన్ని పట్టుకుని, తరువాతి శ్వాసకు వాడుకుంటుంది. అయినా కొంత పోతూనే ఉంటుంది. చలికాలం పొద్దున్నే మనం నోటితో ఊదితే కనిపించే పొగ, అద్దం మీద ఊదితే పట్టే మసక, ఆ పోయిన నీరే.

ఇంత శ్రమ ఎందుకంటే, వాయునాళం లోపలి గోడ మీద శైలికలు అనే సూక్ష్మమైన వెంట్రుకల వంటివి కోట్ల కొద్దీ ఉంటాయి. గాలికి వరిమడి ఊగినట్టు అవి ఒకే దిక్కుకు ఊగుతూ ఉంటాయి. వాటి పైన పల్చటి జిగురు పొర, అంటే శ్లేష్మం, పరుచుకుని ఉంటుంది. పీల్చిన దుమ్ము, క్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి. శైలికలు దానిని మెల్లగా గొంతువైపు నెట్టుకొస్తే మనం మింగేస్తాం, లేదా ఉమ్మేస్తాం. తేమ ఉన్నంతసేపే ఈ పని సాగుతుంది. తేమ తగ్గితే జిగురు ముదురుపాకంలా చిక్కబడుతుంది, శైలికలు కదలలేక ఆగిపోతాయి, తరువాత దెబ్బతింటాయి. అప్పుడు కఫం ఉన్నచోటే పేరుకుని గడ్డ కడుతుంది. దాని వెనుక గాలి అందని భాగం ముడుచుకుపోతుంది, క్రిములకు నివాసమవుతుంది.

సిలిండర్ గాలి ఎందుకంత పొడి?

రోగికి ఇచ్చే ఆక్సిజన్‌లో నీటి ఆవిరి దాదాపు సున్నా. అది తయారీలో లోపం కాదు. అలా ఉండాలనే తయారు చేస్తారు. పెద్ద ప్లాంట్లలో గాలిని విపరీతంగా చల్లబరిచి ద్రవంగా మార్చి, అందులోంచి నైట్రోజన్‌ను, ఆక్సిజన్‌ను వేరు చేస్తారు. ఆక్సిజన్ ద్రవమయ్యేది మైనస్ 183 డిగ్రీల దగ్గర. అంత చలిలో గాలిలోని తేమ ఊరుకుంటుందా? మంచుగడ్డ కట్టి గొట్టాలను మూసేస్తుంది. అందుకే చల్లబరచడానికి ముందే నీటి ఆవిరినీ, కార్బన్ డయాక్సైడ్‌నూ పూర్తిగా తీసేస్తారు. తరువాత కూడా సిలిండర్ లోపల, వాల్వుల్లో తేమ ఉంటే తుప్పు పడుతుంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మహారాష్ట్రకు రైలు మీద ట్యాంకర్లు వెళ్లడం మనలో చాలామంది టీవీల్లో చూశాం. ఆ ట్యాంకర్లలో ఉన్నది ఈ ద్రవ ఆక్సిజనే. ఉక్కు తయారీకి కావలసిన ఆక్సిజన్ కోసం కట్టిన ప్లాంట్లు ఆ నెలల్లో మనుషుల ఊపిరికి పనికొచ్చాయి.

కాబట్టి సిలిండర్ నుంచైనా, గోడలోని పైపు నుంచైనా వచ్చే ఆక్సిజన్ ఎండు గాలే. ఆరోగ్యవంతుడి ముక్కు కాసేపు దానిని తట్టుకుంటుంది. ఎక్కువ ప్రవాహంతో రోజుల తరబడి పెడితే ముక్కు లోపల పక్కులు కడతాయి, రక్తం చారలు కనిపిస్తాయి, గొంతు పిడచకట్టుకుపోతుంది. రోగి గొట్టాన్ని పీకి పక్కన పడేస్తాడు. మొండితనమని ఇంటివాళ్లు కోప్పడతారు గాని, చాలాసార్లు అది మొండితనం కాదు, మంట.

బుడగల సీసా

ఇప్పుడు తమ్ముడు అడిగిన సీసా దగ్గరకు వద్దాం. దాని పేరు బబుల్ హ్యూమిడిఫయర్. వార్డుల్లో ఆక్సిజన్ సీసా అనే అంటారు. పైన ఫ్లోమీటర్, అంటే గాజు గొట్టంలో చిన్న గుండు లేచి నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నదో చూపే పరికరం. దాని కింద సీసా. ఆక్సిజన్ ఒక సన్నని గొట్టం గుండా సీసా అడుగుకు దిగి, నీళ్లలోంచి బుడగలుగా పైకి లేచి, పక్క రంధ్రం ద్వారా రోగి ముక్కుకు పోతుంది. బుడగలు ఎంత చిన్నవిగా ఉంటే నీటికి తగిలే ఉపరితలం అంత ఎక్కువ, తేమ అంత బాగా పడుతుంది. అయితే ఆ నీళ్లు గది చలవలోనే ఉంటాయి కాబట్టి, పైన చెప్పిన లెక్క ప్రకారం, 25 డిగ్రీల దగ్గర అది ఇవ్వగలిగింది ఎంత బాగా పనిచేసినా లీటరుకు 23 మిల్లీగ్రాములు. ఊపిరితిత్తులు అడిగే దానిలో సగం. మిగతా సగం ముక్కే పూరించుకోవాలి. ముక్కు పనిచేస్తున్న రోగికి ఇది చాలు. నిమిషానికి నాలుగు లీటర్ల లోపు పెట్టినప్పుడు సీసా లేకపోయినా పెద్ద నష్టం లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

సీసా మీద రెండు గీతలు ఉంటాయి. నీళ్లు కింది గీతకు తగ్గకూడదు, పై గీతను దాటకూడదు. తగ్గితే ఆక్సిజన్ పొడిగానే పోతుంది. దాటితే నీటి తుంపర్లు గొట్టంలోకి ఎక్కుతాయి. మూతకు ఒక చిన్న భద్రతా వాల్వు ఉంటుంది. రోగి ఒత్తిగిలి పడుకుని గొట్టం నలిగితే లోపల పీడనం పెరిగి ఆ వాల్వు ఈల వేస్తుంది. ఈల వినిపిస్తే సీసా పాడైందని అనుకోకండి, ముందు గొట్టం ఎక్కడ నలిగిందో చూడండి. కొత్తగా బిగించినప్పుడు గొట్టాన్ని వేళ్లతో ఒక్క క్షణం మడిచి పట్టుకుని ఈల వస్తుందో లేదో చూడటం మాకు నేర్పిన మొదటి పరీక్ష. ఈల రాకపోతే మూత దగ్గర ఎక్కడో లీకు ఉన్నట్టు.

ఈ పరీక్ష తెలియని రోజుల్లో మేము చేసిన ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. 2021 మే నెలలో, మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, మా చిన్నాన్నను జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రిలో చేర్చాం. నిమిషానికి ఆరు లీటర్ల మీద ఆక్సిజన్ పెట్టారు. వార్డు కిక్కిరిసి ఉంది, నర్సమ్మలు ఇద్దరే. ఒక రాత్రి సీసాలో నీళ్లు అయిపోయాయి. పిలిచినా ఎవరూ రాలేని పరిస్థితి. ఇంటిల్లిపాదిలో చదువుకున్నవాళ్లం మేమే కదా అన్న ధైర్యంతో సీసా విప్పి, వరండాలోని కుళాయి కింద నింపి, తిరిగి బిగించాం. గుండు ఆరు దగ్గరే నిలబడి ఉంది. అంతా బాగానే ఉందనుకుని కూర్చున్నాం. పావుగంటలో వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 94 నుంచి 86కు దిగింది. చిన్నాన్న పెదవులు రంగు మారాయి. మేము కంగారుగా గుండును పైకి పెంచుతున్నాం తప్ప సీసా వైపు చూడలేదు. పరుగెత్తుకొచ్చిన నర్సమ్మ ముందు సీసానే చూసింది. బుడగలు లేవు. మూత మరలు తప్పుగా పడి ఏటవాలుగా బిగిసింది. ఆక్సిజన్ అంతా ఆ సందులోంచి గదిలోకి పోతున్నది. ఆమె మూత విప్పి నిటారుగా బిగించగానే బుడబుడ మొదలైంది. పది నిమిషాల్లో అంకె 93కు వచ్చింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. "బుడగ చూడాలి బాబూ, గుండు కాదు" అని వెళ్లిపోయింది. చిన్నాన్న పన్నెండు రోజులకు ఇంటికి వచ్చాడు. మేము ఈ కోర్సులో చేరడానికి కారణం ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే ఏదో పెద్ద మాట చెప్పాం గాని, అసలు కారణం ఆ పావుగంట.

ఆ రాత్రి చేసిన రెండో తప్పు కుళాయి నీళ్లు. అది తప్పని తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. కుళాయి నీటిలో, నిల్వ నీటిలో సూడోమోనాస్, లీజియోనెల్లా వంటి బాక్టీరియా ఉండవచ్చు. ఆరోగ్యవంతుడు ఆ నీరు తాగితే కడుపులోని ఆమ్లం చూసుకుంటుంది. అదే నీరు తుంపరగా జబ్బుపడిన ఊపిరితిత్తుల్లోకి పోతే అడ్డుకునేది ఏమీ లేదు. పైగా ఆ నీటిలోని లవణాలు సీసాలో, గొట్టంలో తెల్లటి పొరగా పేరుకుంటాయి. అందుకే స్టెరైల్ నీరు లేదా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. అదే నెలలో దేశమంతా బ్లాక్ ఫంగస్ అని భయపడింది గుర్తుందా? దానికి ముఖ్య కారణాలు అదుపులో లేని చక్కెర వ్యాధి, మోతాదు మించిన స్టెరాయిడ్లు. అయినా 2021 మేలో ఐ.సి.ఎం.ఆర్. ఇచ్చిన సూచనల్లో హ్యూమిడిఫయర్‌లో పరిశుభ్రమైన, స్టెరైల్ నీరు మాత్రమే వాడాలన్న మాట ప్రత్యేకంగా ఉంది. సీసాలో మిగిలిన పాత నీళ్ల మీద కొత్త నీళ్లు పోయడం కూడా తప్పే. పాతవి పారబోసి, సీసా కడిగి, ఆరబెట్టి, కొత్తవి పోయాలి.

గొంతులో గొట్టం పడ్డాక

ఇంతవరకు చెప్పింది ముక్కుతో ఊపిరి తీసుకునే రోగి సంగతి. జబ్బు ముదిరినప్పుడు నోటి గుండా వాయునాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలుపుతారు. లేదా మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెడతారు. ఆ క్షణం నుంచి ముక్కు, గొంతు చేసే పని మొత్తం ఆగిపోతుంది. యంత్రం పంపే గాలి నేరుగా వాయునాళంలో పడుతుంది. లీటరుకు 44 మిల్లీగ్రాముల బాకీ అంతా పాపం వాయునాళమే కట్టాలి. కొద్ది గంటల్లోనే అది ఎండిపోవడం మొదలవుతుంది. కఫం చిక్కబడి గొట్టం లోపలి గోడలకు అంటుకుని, దారి సన్నబడి, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది. ఊపిరితిత్తి బాగుపడుతున్నా గొట్టం మూసుకుపోయి రోగి పోయే ప్రమాదం ఉంటుంది.

ఇలాంటి చికిత్స మొదలైన కథ విద్యార్థులుగా మనం తెలుసుకోదగినది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలింది. శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులు వందల సంఖ్యలో బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వచ్చారు. ఆ ఆసుపత్రిలో ఉన్న శ్వాస యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మత్తుమందు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలికకు మెడ దగ్గర గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించి బతికించాడు. తరువాత నెలల తరబడి సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రోగుల పక్కన కూర్చుని రాత్రింబగళ్లు సంచులు నొక్కారు. అలాంటి రోగుల్లో మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇప్పటి ఐ.సి.యు.కు పునాది అక్కడే పడిందంటారు. ఆ విద్యార్థుల్లో చాలామందికి మన డిగ్రీ వాళ్ల వయసే.

ఊపిరి అందించడం నేర్చుకున్నాక, ఆ ఊపిరికి తేమ ఇవ్వడం అనే సమస్య మిగిలింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ఆసుపత్రిలో ఐ.సి.యు. నడిపిన మాథ్యూ స్పెన్స్ అనే వైద్యుడు దీని మీద పట్టుబట్టాడు. 1969లో అక్కడ తయారైన మొదటి నమూనాకు వాడింది పండ్లు నిల్వ చేసుకునే గాజు జాడీ. మన ఇళ్లలో ఆవకాయ జాడీ లాంటిదే అనుకోండి. ఆ జాడీలో నీళ్లు వేడి చేసి, ఆ నీటి మీదుగా గాలిని పంపారు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు తయారుచేసే ఫిషర్ అండ్ పేకెల్ కంపెనీ దానిని అందిపుచ్చుకుంది. ఇవాళ మన ఐ.సి.యు.ల్లో వెంటిలేటర్ పక్కన కనిపించే తేమ యంత్రాల్లో చాలా వాటి మీద ఆ పేరే ఉంటుంది.

ఇప్పటి యంత్రం పనిచేసే తీరు కూడా జాడీ సూత్రమే. కింద వేడెక్కే పళ్లెం, దాని మీద నీళ్ల గిన్నె. ఇక్కడ బుడగలు ఉండవు, గాలి వేడి నీటి ఉపరితలం మీదుగా సాగిపోతూ ఆవిరిని మోసుకుపోతుంది. గిన్నె నుంచి బయటపడేటప్పుడు గాలి 37 డిగ్రీలతో, పూర్తి తేమతో ఉంటుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. గిన్నె నుంచి రోగి దాకా మీటరు పైగా గొట్టం. ఏ.సి. గదిలో ఆ గొట్టం చల్లబడితే ఆవిరి నీటి చుక్కలుగా మారి గొట్టంలోనే వాన కురుస్తుంది. నిజంగానే ఆంగ్లంలో దానికి వాన పేరే పెట్టారు, రెయిన్ అవుట్ అంటారు. రోగికి తేమ చేరదు, గొట్టంలో నీరు నిలుస్తుంది. అందుకని గొట్టం లోపల ఒక సన్నని వేడి తీగ పెట్టి గాలిని 40 డిగ్రీల దాకా తీసుకెళతారు. గాలి వేడిగా ఉన్నంతవరకు ఆవిరి ఆవిరిగానే ఉంటుంది. చివరి కొద్ది దూరంలో అది కొంచెం చల్లబడి 37 దగ్గర రోగికి అందుతుంది. ఇంటర్‌లో తుషార స్థానం అని చదివి వదిలేసిన పాఠం ఇదే.

ఎంత నీరు పడుతుందో లెక్క వేసి చూడండి. రోగి నిమిషానికి 10 లీటర్లు పీలుస్తున్నాడనుకుందాం. లీటరుకు 44 మిల్లీగ్రాముల చొప్పున నిమిషానికి 440 మిల్లీగ్రాములు. గంటకు 26.4 గ్రాములు. రోజుకు 634 గ్రాములు, అంటే అర లీటరు పైచిలుకు. ఈ నీరు గిన్నెలోంచి పోకపోతే రోగి ఒంట్లోంచి పోతుంది. గిన్నె ఎండిపోతే యంత్రం అలారం మోగిస్తుంది. మోగినా పట్టించుకోకపోతే జరిగేది పొడిగాలి కన్నా ఘోరం, వేడెక్కిన పొడిగాలి.

యంత్రాన్ని ఎప్పుడూ రోగి తల కన్నా కిందనే ఉంచాలి. గొట్టంలో చేరిన నీరు రోగి వైపు జారితే నేరుగా ఊపిరితిత్తుల్లో పడుతుంది. ఆ నీరు రోగి క్రిములతో నిండి ఉంటుంది కనుక తిరిగి గిన్నెలోకి వంపకూడదు, విడిగా పారబోయాలి. మంచం ఎత్తు తగ్గించిన ప్రతిసారీ గొట్టం వాలు ఎటు ఉందో చూడమని మా సీనియర్లు విసుగు లేకుండా చెప్పేవారు. మాకు విసుగొచ్చేది. ఒకసారి వెంటిలేటర్ ఊరకే అదురుతూ, లేని శ్వాసను ఉన్నట్టు చూపిస్తుంటే గంటసేపు సెట్టింగులు మార్చి చూశాం. గొట్టం వంపులో నిలిచిన గ్లాసెడు నీళ్లు అటూ ఇటూ ఊగడమే కారణం.

వేడి యంత్రం అన్నిచోట్లా కుదరదు. అంబులెన్సులో, ఆపరేషన్ గదిలో దానికి బదులు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ఒక ప్లాస్టిక్ డబ్బీని గొట్టానికి తగిలిస్తారు. హెచ్.ఎం.ఇ. అంటారు, కృత్రిమ ముక్కు అని ముద్దుపేరు. లోపల మడతలు పెట్టిన కాగితం గాని, స్పాంజి గాని ఉంటుంది. దానికి తేమను పట్టుకునే కాల్షియం క్లోరైడ్ వంటి లవణం పూస్తారు. రోగి వదిలిన గాలిలోని వేడిని, ఆవిరిని అది పట్టుకుని తరువాతి శ్వాసకు తిరిగి ఇస్తుంది. కరెంటు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. కానీ కఫం చిక్కగా ఉన్నవారికి, కఫంలో రక్తం పడేవారికి ఇది పనికిరాదు, కాగితం మూసుకుపోతుంది. వేడి యంత్రం, ఈ డబ్బీ రెండూ ఒకే గొట్టానికి ఎప్పుడూ పెట్టకూడదు. రెండు ఉంటే రెట్టింపు మేలు అనిపిస్తుంది గాని, యంత్రం పంపే ఆవిరికి డబ్బీ తడిసి ముద్దయి గాలికే దారి లేకుండా పోతుంది.

మాస్కులు, లీటర్లు

తేమ సంగతి ఇంత రాశాక ఆక్సిజన్ ఇచ్చే సాధనాల గురించి క్లుప్తంగా చెబుతాం. ముక్కులో పెట్టే రెండు కొమ్ముల గొట్టంతో రెండు లీటర్లు పెడితే రోగికి అందే గాలిలో ఆక్సిజన్ సుమారు 28 శాతం. మామూలు గాలిలో 21 కదా. మామూలు మాస్కుకు కనీసం ఐదు లీటర్లు ఉండాలి, లేకపోతే వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పీలుస్తారు. కింద సంచి వేలాడే మాస్కుకు 10 నుంచి 15 లీటర్లు పెడతారు, సంచి ఎప్పుడూ ఉబ్బి ఉండాలి.

వెంచురి మాస్కు మాత్రం మాకు చాలా ఇష్టమైనది. సన్నని రంధ్రంలోంచి ఆక్సిజన్ వేగంగా దూసుకుపోతూ పక్క కిటికీల నుంచి గది గాలిని తనతో లాక్కుపోతుంది. నీలం రంగు ముక్క పెట్టి రెండు లీటర్లు ఇస్తే అది 50 లీటర్ల గాలిని లాగుతుంది. రెండు లీటర్ల ఆక్సిజన్‌కు 50 లీటర్ల గాలిలోని పదిన్నర లీటర్లు కలిస్తే మొత్తం 52లో పన్నెండున్నర, అంటే కచ్చితంగా 24 శాతం. ఈ కచ్చితత్వం ఎవరికి కావాలంటే, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైన మన అమ్మమ్మల వంటివారికి. అలాంటి కొందరికి ఆక్సిజన్ ఎక్కువైనా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తులోకి జారిపోతారు. వారికి ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 చాలు. 99 రావాలని గుండు పెంచమని డ్యూటీ డాక్టర్‌తో గొడవపడే బంధువులను చూస్తుంటాం. వారి ప్రేమను తప్పుపట్టలేం.

కోవిడ్ కాలంలో హై ఫ్లో అనే మాట ఊళ్లలో కూడా వినిపించింది. లావు గొట్టంతో ముక్కులోకి నిమిషానికి 60 లీటర్ల దాకా పంపడం. అంత ప్రవాహాన్ని పొడిగా పంపితే ఎవరూ ఐదు నిమిషాలు ఓర్చుకోలేరు. 37 డిగ్రీల వేడి, పూర్తి తేమ ఇవ్వగల యంత్రం ఉండబట్టే ఆ పద్ధతి సాధ్యమైంది. అయితే దాని ఆకలి పెద్దది. జంబో సిలిండర్‌లో 7000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. రెండు లీటర్ల మీద ఉన్న రోగికి అది 58 గంటలు వస్తుంది. సంచి మాస్కుతో 15 లీటర్ల మీద ఏడున్నర గంటల పైన. హై ఫ్లోలో నూరు శాతం ఆక్సిజన్‌తో 60 లీటర్లు పెడితే రెండు గంటలు కూడా రాదు. 2021లో ఒక్కో ఆసుపత్రి రాత్రికి రాత్రి ఎందుకు ఖాళీ అయిందో ఈ భాగహారంలో ఉంది.

నెలలు నిండని పసిబిడ్డలకు నీటి సీసా ఇంకో రకంగా పనికొస్తుంది. బిడ్డ ముక్కులోకి వేడి, తేమ ఉన్న గాలిని పంపి, బయటికి వచ్చే గొట్టం కొసను నీళ్లలో ఐదు సెంటీమీటర్ల లోతున ముంచుతారు. ఆ నీటి బరువే ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఆపే పీడనం. బబుల్ సి.పి.ఎ.పి. అంటారు. వెంటిలేటర్ లేని చోట కూడా ఇది పెట్టవచ్చు. అక్కడ కూడా నర్సులు దూరం నుంచి చూసేది బుడగలనే. బుడగలు ఆగితే ముక్కు దగ్గర గొట్టం జారినట్టు.

బైపీసీ చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. రెస్పిరేటరీ థెరపీ అనే డిగ్రీ ఒకటుందని మాకు ఇంటర్‌లో ఎవరూ చెప్పలేదు. ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఇక దారి లేదనే అనుకున్నాం. ఇలాంటి అనుబంధ ఆరోగ్య కోర్సులన్నిటికీ ఒక జాతీయ కమిషన్ ఏర్పాటు చేస్తూ 2021లో పార్లమెంటు చట్టం చేసింది. ఫీజుల విషయంలో, ఉద్యోగాల విషయంలో ఇబ్బందులు లేవని అబద్ధం చెప్పం. అడగాలనుకున్నవారు సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు మమ్మల్ని అడగవచ్చు.

చివరగా, ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ పెట్టుకున్న పెద్దవాళ్లు మన కుటుంబాల్లో ఇప్పుడు అక్కడక్కడా ఉన్నారు. అది గది గాలిలోని నైట్రోజన్‌ను తీసేసి ఆక్సిజన్ ఇచ్చే యంత్రం. దానికీ ఇదే సీసా ఉంటుంది. రోజూ నీళ్లు మార్చండి. డిస్టిల్డ్ వాటర్ దొరకకపోతే కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. బ్యాటరీల దుకాణంలో అమ్మేది మాత్రం వద్దు, అది ఒంటికి వాడేది కాదు. రాత్రి పడుకునే ముందు సీసాను సబ్బు నీళ్లతో కడిగి బోర్లించండి. అదనంగా ఒక సీసా కొని పెట్టుకుంటే ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వాడుకోవచ్చు. మూత బిగించాక గొట్టం కొసను గ్లాసు నీళ్లలో ముంచి చూడండి. అక్కడ కూడా బుడగలు వస్తే ఆక్సిజన్ చివరిదాకా వస్తున్నట్టు. తరువాత కొసను తుడిచి ముక్కుకు పెట్టండి.